బస్టాపు చెట్టుకి మొలిచిన చెక్కగొడుగు

నా చేతిపనిలో మోసాన్ని పట్టుకోగల మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. గొప్పకి చెప్పుకోవడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. నేను రెండు చెక్కలు అతికించానంటే, ఒకప్పుడు విడివిడిగా బతికామన్న సంగతి ఆ చెక్కలకే గుర్తుండదు. అలాంటి నేను సున్నపు ముద్ద, రంపప్పొట్టు, బూట్ పాలిష్ కలిపి ఒక చెక్కగొడుగు తయారుచేసి, ఆరబెడదామని వరండాలో పెట్టాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న మా నాయనమ్మ, మంచం మీంచి లేవకుండానే అడిగింది.

"ఏమే తొండీ, ఆ సున్నపు ముద్దకి బూట్ పాలిష్ ఎందుకు పూశావే?"

చూసి కాదు, వాసన బట్టి చెప్పిందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తొండి నా అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఆడిన ప్రతి ఆటలోనూ నేను గెలిచేదాన్ని, అది చూడలేక జనం అలా పిలవడం మొదలుపెట్టారు.

చెక్కగొడుగు అంటే గోడకి అర కొట్టినట్టు చెట్టు మానుకి అడ్డంగా పెరిగే పుట్టగొడుగు. పైన గోధుమరంగు పెంకు, కింద తెల్లటి పొట్ట, చెక్కంత గట్టి. దానికి గానోడెర్మా అని ఆఫీసు పేరొకటి ఉంది. మా అక్క ఆ పేరు పలికినప్పుడల్లా నాయనమ్మ, ఎవరో తుమ్మారనుకుని "చిరంజీవ" అంటుంది. పైకి కనిపించేది పళ్ళెమంతే. లోపల మాత్రం అది మానుని మెల్లమెల్లగా తింటూ కూర్చుంటుంది. చెట్టు పచ్చగా ఆకులేసుకుని నిలబడే ఉంటుంది, ఒక గాలిరోజున ఉన్నట్టుండి పడుకుంటుంది.

ఇదంతా నాకెలా తెలుసంటే, అక్క అన్నం తినేటప్పుడు ఇంకేమీ మాట్లాడదు కనక. నిరుడు దాకా అక్క మా నాన్న వడ్రంగి షాపులో నా పక్క బల్ల దగ్గర చిత్రిక పట్టేది. తర్వాత పరీక్ష రాసి, నగరంలో చెట్ల బాగోగులు చూసే ఆఫీసులో చేరింది. అప్పట్నుంచి సంచిలో రబ్బరు సుత్తి ఒకటి వేసుకుని తిరుగుతూ కనిపించినదాన్నల్లా కొట్టి చూస్తుంది. తలుపు కొడుతుంది, బల్ల కొడుతుంది. ఒకరోజు నా తల మీద కొట్టి, చెవి ఆనించి, "నాన్నా, ఇది లోపల బోలు" అంది. నాన్న ఆశ్చర్యపోలేదు.

అయితే ఆ ఉద్యోగం ఇంకా గట్టిపడలేదు. ఆ ఆఫీసు పెద్దమేడం కళ్ళెదుట అక్క ఒక చెట్టుని చూసి, ఉంచాలా కొట్టెయ్యాలా అన్నది ఎవరి సాయమూ లేకుండా తేల్చాలి. సరిగ్గా తేలిస్తే ఉద్యోగం నిలుస్తుంది. తేల్చలేకపోతే మళ్ళీ నా పక్క బల్లే. అక్క నిద్రలో కూడా చెట్లని పరీక్ష చేస్తోంది. దుప్పటి కప్పుకున్న నన్ను గోకి చూసి "పచ్చిదే" అనడం నేను చెవులారా విన్నాను.

ఇలాంటి మనిషిని ఆట పట్టించకుండా వదిలేస్తే చూసేవాళ్ళు నన్నేమనుకుంటారు?

సున్నపు ముద్ద పనికిరాదని తేలిపోయింది కాబట్టి అసలు సరుకే వాడదామనుకున్నాను. రంపం మిల్లు వెనక ఎప్పటి నుంచో కుళ్ళుతున్న దుంగ ఒకటుంది. దాని మీద పళ్ళెమంత చెక్కగొడుగు ఒకటి నన్ను చూసి రమ్మన్నట్టుగా ఉంది. ఉలితో జాగ్రత్తగా విడదీసి తెచ్చాను. ఇంకా తడిగా, బతికున్నట్టే ఉంది.

మా షాపు ఎదురుగా బస్టాపు, బస్టాపు మీద ఒక పెద్ద చెట్టు. బస్సొస్తోందేమో తొంగిచూస్తున్నట్టు రోడ్డు వైపు ఒరిగి ఉంటుంది ఆ చెట్టు. నేను పుట్టక ముందు నుంచీ అలాగే చూస్తోంది, దాని బస్సు ఇంకా రాలేదు. తెల్లారీ తెల్లారక ముందే వెళ్ళి, మోకాలెత్తున ఒక చోటు చూసుకుని, మాను వంపుకి తగ్గట్టు చెక్కగొడుగు అంచుని ఆకురాయి పెట్టి అరగదీశాను. మూలమట్టం ఆనించి, మానుకీ గొడుగుకీ మధ్య నిక్కచ్చిగా లంబకోణం కుదిరాక జిగురు పెట్టాను. మూలకి కుదరని అర అర కాదు, జారుడుబల్ల అని నాన్న అంటాడు. అతుకు కనపడకుండా రంపప్పొట్టు, బెరడు పొడి జిగురులో కలిపి సందులన్నీ పూడ్చేశాను. దూరం జరిగి చూసుకున్నాను. నాకే భయమేసింది, ఆ చెట్టు పడుతుందేమోనని.

పథకం చాలా సాదా. సాయంత్రం అక్క ఆఫీసు నుంచి వస్తుంది, చూస్తుంది, గుండె పట్టుకుంటుంది, సంచిలోంచి సామానంతా తీసి ఉపన్యాసం మొదలెడుతుంది. అది మంచి రసపట్టులో ఉన్నప్పుడు నేను వెళ్ళి గొడుగుని పీకి చేతిలో పెడతాను.

కానీ మధ్యాహ్నం అన్నం తిని షాపుకి వచ్చేసరికి, ఆ చెట్టు నీడలో తాళాలు బాగుచేసే మామయ్య తన పెట్టె, స్టూలు తీసుకుని మండుటెండలోకి మారిపోయి ఉన్నాడు.

"ఏంటి మామయ్యా, ఎండలో కూర్చున్నావ్?"

"చెట్టు పడిపోతోందిగా. చూడలేదూ? దానికి చెవి మొలిచింది."

"చెవా?"

"మీ అక్కే చెప్పిందమ్మా, అలాంటిది కనిపిస్తే వెంటనే ఆఫీసుకి ఫోన్ చెయ్యమని. చేశాను. పెద్దమేడం, మీ అక్క, ఇద్దరూ బయల్దేరారంట. లారీ కూడా పంపిస్తున్నారు."

"లారీ దేనికి?"

"చెట్టుని ఆస్పత్రిలో చేర్పించడానికైతే కాదులే."

నేను చాలా తాపీగా, అసలేం జరగనట్టు, పరుగెత్తుకుంటూ చెట్టు దగ్గరికి వెళ్ళాను. గొడుగుని పట్టుకుని లాగాను. రాలేదు. ఊపాను. చెట్టు ఊగింది గానీ గొడుగు ఊగలేదు. మా జిగురు ఒకసారి పట్టుకుంటే ఏనుగు లాగినా రాదని కొనేవాళ్ళకి నేను రోజూ చెబుతుంటాను. అది అబద్ధమని ఇన్నాళ్ళూ నేను ఒక్కదాన్నే అనుకుంటూ వచ్చాను. రెండు కాళ్ళూ మానుకి తన్నిపెట్టి, రెండు చేతులతో గొడుగుని పట్టుకుని వెనక్కి వేలాడాను. బస్సు కోసం నిలబడ్డ టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"వ్యాయామం అండీ. నడుముకి మంచిది."

"దాన్ని ముట్టుకోకు, ఆఫీసువాళ్ళు వచ్చేదాకా" అన్నాడు మామయ్య ఎండలోంచి. "ఇప్పుడది ప్రభుత్వానిది."

ఉలి తెద్దామని షాపులోకి పరుగెత్తాను. తెచ్చేలోపే జీపు వచ్చి ఆగింది, దాని వెనకే లారీ. లారీలో రంపం వాళ్ళు తాళ్ళు, గొలుసులు సర్దుకుంటున్నారు. జీపులోంచి పెద్దమేడం మెల్లగా దిగింది. భారీ మనిషి, మోకాళ్ళు ఆవిడ మాట వినవు. వెనకాలే అక్క. అక్క మొహంలో రక్తం చుక్క లేదు.

"చూడమ్మాయ్" అంది పెద్దమేడం, చెట్టుకేసి గడ్డంతో చూపిస్తూ. "ఎలాగూ వచ్చాం. నీ చెట్టు ఇదే అనుకో. నేను నోరెత్తను. నువ్వే చూసి నువ్వే చెప్పు."

అంటే ఆ పరీక్ష ఇప్పుడే. ఇక్కడే. నా గొడుగు మీదే.

నాన్న చేతులకంటిన పొట్టు దులుపుకుంటూ షాపు గడప దాటి వచ్చాడు. నేను ఆయన వెనక నిలబడ్డాను. అక్క మమ్మల్ని చూసింది గానీ చూడనట్టే చెట్టు దగ్గర కూర్చుంది.

ముందు గోరుతో గొడుగు కింది తెల్లటి పొట్టని గీసింది. చూస్తుండగానే గీత గోధుమరంగుకి తిరిగింది. ఆ రంగు తిరగడమే దీని గుర్తు. తర్వాత చాకుతో అంచుని చిన్న ముక్క కోసింది. లోపల పొర మీద పొర, ఏటికో పొర. అసలైనది కాబట్టి అన్నిటికీ అసలైన జవాబులే చెబుతోంది, ముదనష్టపుది. అక్క లేచి రబ్బరు సుత్తితో మాను చుట్టూ తిరుగుతూ కొట్టింది. ఠంగ్ ఠంగ్‌మని గట్టిగా పలికింది. సన్నటి ఉక్కు చువ్వతో మాను మొదట్లో పొడిచింది. దిగలేదు.

"అయితే?" అంది పెద్దమేడం.

"గొడుగు అసలైనదే మేడం. మాను మాత్రం గట్టిగా ఉంది."

"వేళ్ళ కింద తినేస్తుంటే మాను గట్టిగానే పలుకుతుందిగా."

"అవును మేడం."

"కింద పొద్దస్తమానం జనం నిలబడతారు. అనుమానం ఉంటే కొట్టెయ్యమనే మన పద్ధతి. కొట్టెయ్యమంటే నిన్ను తప్పుపట్టేవాళ్ళెవరూ లేరు." లారీ వైపు చూసింది. "కొట్టాక మొద్దు గట్టిగా తేలిందనుకో, అది వేరే సంగతి. అప్పుడు నీకు చూడ్డం రాదని రాయాల్సొస్తుంది నేను."

నోరెత్తనన్న మనిషి బాగానే ఎత్తింది. లారీ దగ్గర రంపం ఒకసారి గుర్రుమని ఆగింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అక్క తప్పు చెబితే మళ్ళీ నా పక్క బల్ల దగ్గరికే వస్తుందన్న ఆలోచన నాకొచ్చింది. ఆ ఆలోచన ఎంతసేపు ఉందంటే, అక్క సుత్తి పట్టుకున్న చెయ్యి వణకడం నేను చూసేదాకా. చిత్రిక పట్టేటప్పుడు ఆ చెయ్యి ఏనాడూ వణకలేదు.

నేనే అంటించానని అరుద్దామని నోరు తెరిచాను. మాట రాలేదు. నా నోరు మూతపడ్డం మా ఇంట్లో ఎవరూ చూసి ఉండరు, ఆ ఒక్క రోజూ అందరూ వేరే వైపు చూస్తున్నారు. కాసేపటికి ఒక గొంతు వచ్చింది, నాదే అనుకుంటాను.

"అక్కా, ఇంకోసారి చూడవే."

"ఎందుకు?"

"ఊరికే. చిన్నప్పట్నుంచీ మనకి తెలిసిన చెట్టు కదా."

"నువ్వు నోరు ముయ్యి" అంది అక్క. కానీ మళ్ళీ కూర్చుంది. గొడుగు కిందున్న వేరు మీద వేలితో తుడిచి, వేలు చూసుకుంది. కింద రాలిన ఆకు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది. తర్వాత తల తిప్పింది.

"మామయ్యా, నీ పెట్టె మీద ఎప్పుడైనా గోధుమరంగు పొడి పడిందా? కోకో పొడిలా?"

"నా పెట్టె మీద పడేవి పిట్ట రెట్టలేనమ్మా. అవి తెల్లగానే ఉంటాయి."

అక్క గొంతులోంచి బెరుకు ఆ క్షణంలో ఎటు పోయిందో పోయింది. "మేడం, ఇంత పెరిగిన గొడుగు తన కిందున్న ప్రతి దాని మీదా పొడి రాలుస్తుంది. ఆకు మీద, రాయి మీద, గడ్డి మీద. తుడిచినా పోనంత. ఇక్కడ వేలికి మట్టి తప్ప ఏమీ అంటలేదు."

"వాన కడిగేసిందేమో."

"వాన పడి ఎన్నాళ్ళయిందండీ" అంది టీచరమ్మ, తననెవరూ అడక్కపోయినా. ఆవిడ బస్సు అప్పటికే వచ్చి వెళ్ళిపోయింది.

అక్క లేచి రోడ్డు మధ్యదాకా వెనక్కి నడిచింది. ఒక కన్ను మూసి, తల పక్కకి వాల్చి చెట్టుని చూసింది. బల్ల కాలు వంకర ఉందేమోనని షాపులో అలాగే చూసేది.

"నాన్నా, రసమట్టం ఒకసారి ఇస్తావా?"

నాన్న తెచ్చి ఇచ్చాడు. అక్క దాన్ని గొడుగు కింది పొట్టకి ఆనించి పట్టుకుంది. గాజుగొట్టంలో బుడగ మధ్యలో ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఒక చివరికి జారి అక్కడే కూర్చుంది.

"దీని పొట్ట ఎప్పుడూ నేలకే చూస్తుంది మేడం" అంది అక్క. "పొడి సూటిగా కిందికి రాలాలిగా, అందుకని. చెట్టు ఎటు వాలినా ఇది వాలదు. నిలబడ్డ చెట్టు పడిపోయినా, కొత్తగా పెరిగే పొర మళ్ళీ నేలకేసి తిరుగుతుంది. ఈ చెట్టు మేం పుట్టక ముందే ఒరిగి ఉంది. గొడుగు కూడా చెట్టుతో పాటు ఒరిగి ఉందంటే, ఇది ఇక్కడ పెరగలేదు. తెచ్చి పెట్టారు." ఊపిరి పీల్చుకుంది. "చెట్టుకి ఏ జబ్బూ లేదు. ఉంచాలి. నా మాట ఇదే."

పెద్దమేడం మోకాళ్ళ మీద చేతులానించి, ఏదో గొణుక్కుంటూ, కిందికి వంగి, చివరికి చతికిలబడి, బుడగని తనే చూసింది. చాలాసేపు చూసింది. రంపం వాళ్ళు రంపాన్ని మెల్లగా లారీలో పెట్టేశారు.

"లేవడానికి నాకో చెయ్యి ఇవ్వు" అంది అక్కతో. లేచాక, చీర దులుపుకుంటూ, "వచ్చేవారం నుంచి చెట్లు చూడ్డానికి నువ్వొక్కదానివే వెళ్ళు. నేను లేకుండా. నా మోకాళ్ళు కూడా సంతోషిస్తాయి" అంది.

అక్క రసమట్టాన్ని నాన్న చేతిలో పెట్టబోయి రెండుసార్లు గాలిలో పెట్టింది. మామయ్య తన స్టూలు తీసుకుని నీడలోకి వచ్చేశాడు.

నేను ఇదే మంచి సమయమని, పనుందన్నట్టు షాపు వైపు తిరిగాను.

"మరి తెచ్చి పెట్టిందెవరు?" అంది పెద్దమేడం.

అక్క చాకు మొనతో గొడుగు మొదట్లో గీకింది. కింద బెరడు చెక్కుచెదరకుండా ఉంది. పూడ్చిన పొడి రాలింది. నాన్న వంగి చూశాడు. పని తెలిసిన మనిషి కాబట్టి ముందు నోట్లోంచి మెచ్చుకోలే వచ్చింది.

"అబ్బ, అతుకు చూడు ఎంత బాగా వేశారో."

అని, ఆగి, పొడిని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. మెల్లగా నావైపు తిరిగాడు.

"వడ్రంగిపిట్ట పనేమో నాన్నా" అన్నాను. "ఈ మధ్య చాలా తిరుగుతున్నాయి."

"అవును. అందులో ఒకటి మా ఇంట్లోనే తింటోంది" అన్నాడు నాన్న. నా జేబులోంచి మూలమట్టం లాగి, మానుకీ గొడుగుకీ మధ్య మూలలో ఆనించాడు. వెంట్రుక పట్టే సందు కూడా లేదు. "ఈ వీధిలో పుట్టగొడుగుని కూడా మూలమట్టం పెట్టి కొట్టేది ఒక్కతే ఉంది."

అందరూ నన్నే చూస్తున్నారు. టీచరమ్మ రెండో బస్సు కూడా వదిలేసుకుంది. ఇలాంటప్పుడు చెప్పడానికి నా దగ్గర మామూలుగా బోలెడు ఉంటాయి. అక్క మొహం చూశాక ఒక్కటీ పనికొచ్చేలా కనిపించలేదు.

"నేనే అంటించాను" అన్నాను. "మిల్లు వెనక దుంగ మీంచి తెచ్చి, పొద్దున్నే అంటించాను. సాయంత్రం నువ్వు చూసి కంగారు పడితే నవ్వుదామనుకున్నా. ఆఫీసు దాకా వెళ్తుందనుకోలేదు. లారీ వచ్చినప్పుడే చెప్పాల్సింది, భయమేసింది. ఇంకా... నువ్వు తప్పు చెబితే మళ్ళీ షాపుకి వస్తావు కదా అని కూడా అనిపించింది. కొంచెంసేపే అక్కా. పక్క బల్ల మీద ఇప్పుడు నాన్న టీ గ్లాసులు పెడుతున్నాడు, చూడబుద్ధి కావట్లేదు."

అక్క చెయ్యి సంచిలోకి వెళ్ళింది. సుత్తి తీస్తుందనుకుని తల వంచాను.

"బెరడు ఊడకుండా దాన్ని నువ్వే తియ్యాలి" అంది చివరికి. "తీసేదాకా పక్కనే కూర్చుంటాను. ఒక్క గాటు పడిందో, నీ సంగతి చెబుతా."

"కూర్చుంటావా?"

"కూర్చుంటానన్నాగా. ఎంతసేపైనా."

ఇంత మంచి శిక్ష నాకెవరూ ఎప్పుడూ వెయ్యలేదు. ఉలి తెచ్చుకోవడానికి వెళ్ళబోతుంటే పెద్దమేడం జీపు తలుపు మీద చెయ్యేసి నన్ను ఆపింది.

"ఏమ్మా. అంతేనా, ఇంకేమైనా ఉందా చెప్పాల్సింది?"

లేదనే చెబుదామనుకున్నాను. ఆ మాట నాలుక చివర సిద్ధంగా కూడా ఉంది. కానీ అక్క అప్పటికే మాను పక్కన నాకోసం చోటు చేసి కూర్చుని ఉంది.

"ఉంది మేడం" అన్నాను. "ఆ దుంగ మీద ఇంకోటి కూడా దొరికింది. అది మీ ఆఫీసు గేటు పక్క చెట్టుకి ఉంది. దాన్ని తలకిందులుగా అంటించాను."